మూఢంలో భస్మాసురుడు

ఓడిపోవడం అందరికీ వచ్చు. అశోక్‌నగర్‌లో అయితే గల్లీకో కోచింగ్ సెంటర్ పెట్టి మరీ నేర్పుతారు. కానీ చూసినవాళ్లు కుర్చీలెక్కి ఈలలు వేసేలా ఓడిపోవడం మాత్రం లక్ష్మయ్య ఒక్కడికే చేతనైన విద్య. నారాయణగూడలో ఆ విద్య చూడటానికి జనం టికెట్టు కొనుక్కుని మరీ వచ్చేవారు. అలాంటి విద్యకు ఒక ఆదివారం సాయంత్రం గండం వచ్చిపడింది.

లక్ష్మయ్యది జనగామ అవతల ఒక చిన్న ఊరు. పాతికేళ్ల కిందట కానిస్టేబుల్ అవుదామని ఒక సంచీ, ఒక చాపచుట్ట పట్టుకుని పట్నం వచ్చాడు. తెల్లవారుజామున ముషీరాబాద్ తాలీంలో ఉస్తాద్ దగ్గర కుస్తీ, పగలంతా చిక్కడపల్లి లైబ్రరీలో చదువు, రెండుపూటలా అశోక్‌నగర్‌లో దుర్గయ్య మెస్‌లో భోజనం. తాలీంలో మట్టి అతన్ని ఇట్టే ఒప్పుకుంది. లైబ్రరీలో పుస్తకాలు ఎంత బతిమాలినా ఒప్పుకోలేదు, తెరవగానే నిద్రపుచ్చేవి. ఎట్లాగో ఒకసారి రాతపరీక్ష గట్టెక్కి దేహదారుఢ్య పరీక్ష దాకా వెళ్లాడు. ఇక నాకు తిరుగేముందని మీసం మెలేశాడు. పరుగులో అందరికంటే ముందున్నాడు కూడా. తీరా లాంగ్‌జంప్‌లో ఇసుకలోకి దిగేటప్పుడు కుడి మోకాలు పక్కకు తిరిగింది. ఆ మోకాలు ఇప్పటికీ మబ్బు పట్టిందంటే టీవీవాళ్ల కంటే ముందే చెబుతుంది.

ఉద్యోగం పోయింది గానీ మెస్ పోలేదు. దుర్గయ్య కూతురు సమ్మక్క అక్కడ వడ్డించేది. లక్ష్మయ్య విస్తట్లో రెండోసారి కూర అడగకుండానే పడేది. సంగతేమిటో తినేవాళ్లందరికీ అర్థమైంది, ఒక్క దుర్గయ్యకు తప్ప. దుర్గయ్య కోపం చిక్కడపల్లి చౌరస్తా దాకా ప్రసిద్ధం. కోపమొస్తే చేతిలో ఏది ఉంటే అది విసిరేవాడు. మెస్‌లో చేతిలో ఉండేవి గరిటెలు, అట్లకాడలు, రోకలిబండలు. అలాంటి మనిషిని పిల్లనివ్వమని అడిగేదెట్లా?

"మా నాయిన గంజి వంచేటప్పుడు అడుగు. రెండు చేతులు ఖాళీ ఉండవు" అని ఉపాయం చెప్పింది సమ్మక్క.

లక్ష్మయ్య అట్లాగే చేశాడు. పెద్ద గుండిగను అడ్డంగా వంచి, ఆవిరి తగలకుండా మొహం పక్కకు తిప్పుకున్న దుర్గయ్య దగ్గరికి వెళ్లి విషయం చెప్పేశాడు. దుర్గయ్య గుండిగ వదల్లేడు, వదిలితే హాస్టల్ పోరగాళ్లందరి అన్నం మోరీపాలు. పళ్లు నూరుతూ అట్లాగే పట్టుకుని నిలబడ్డాడు. గంజి కారీ కారీ అయిపోయేసరికి కోపం కూడా సగం కారిపోయింది. "ఏంది చూస్తున్నవ్? ఈ పక్క పట్టు" అన్నాడు. అదే వాళ్ల నిశ్చితార్థం. దుర్గయ్య పోయి చాలాకాలమైనా మెస్ బోర్డు మీద పేరు మాత్రం ఆయనదే. లక్ష్మయ్య, సమ్మక్కల ఒక్కగానొక్క కూతురు భాగ్యశ్రీ ఈ గంజి కథ వింటూనే పెరిగి, ఇప్పుడు అదే చిక్కడపల్లి లైబ్రరీలో గ్రూప్స్‌కు చదువుతోంది. తండ్రిలా కాదు, పుస్తకం తెరిస్తే ఆమె నిద్ర ఎగిరిపోతుంది.

ఇక ఓడిపోయే విద్య సంగతి. నారాయణగూడలో ఒక ఫంక్షన్ హాలు ఉంది. దానికి మేనేజర్ జగదీశ్వర్. పెళ్లిళ్ల సీజన్‌లో ఆయన దర్శనం దొరకడం మంత్రి దర్శనం కంటే కష్టం. మూఢం వచ్చిందంటే మాత్రం గేటు దగ్గర వాచ్‌మన్‌తో అష్టాచెమ్మా ఆడుకుంటాడు. శుక్రుడో గురుడో ఆకాశంలో కనబడకుండా పోయిన ఆ రోజుల్లో పెళ్లి చెయ్యరు, పెళ్లి మాట ఎత్తరు, పెళ్లిచీర కొనడానికి కూడా బజారుకు పోరు. ఖాళీ హాలును చూసి చూసి విసుగెత్తిన జగదీశ్వర్, ఫోన్‌లో విదేశీ కుస్తీ షోలు చూసి, "మహాకుస్తీ" అని మొదలుపెట్టాడు. ముందే ఎవరు గెలవాలో రాసిపెట్టుకుని ఆడే కుస్తీ అది. టెంట్‌హౌస్ పరుపులతో బరి తయారైంది. గెలిచినవాడు కూర్చోవడానికి పెళ్లికొడుకు సింహాసనం ఉండనే ఉంది. థర్మకోల్ ఏనుగులు, నెమళ్లు వెనకాల అట్లాగే ఉన్నాయి. పెళ్లిళ్లు లేక పొద్దు గడవని దక్షిణామూర్తి పంతులుగారిని పిలిచి రిఫరీని చేశారు. కిందపడ్డవాడి భుజాలు పరుపుకు ఆని ఉండగా మూడు లెక్కపెడితే వాడు ఓడినట్టు. ఆయన "ఒకటి, రెండు, మూడు" అని లెక్కపెట్టడు. "ఏకమ్... ద్వే... త్రీణి" అంటాడు. జనానికి అది ఎంత నచ్చిందంటే హాలు హాలంతా ఆయనతోపాటు సంస్కృతంలో లెక్కపెట్టేది.

అన్నీ కుదిరాయి గానీ, కుస్తీకి పిలుచుకొచ్చిన జిమ్ పోరగాళ్లకు పడటం రాలేదు. కండలు చూపించమంటే చూపిస్తారు, పడమంటే నడుము పట్టుకుని మూలుగుతారు. ఒకరోజు హాలు పనివాళ్లకు అన్నం క్యారియర్లు తెచ్చిన లక్ష్మయ్య ఆ పడటం చూసి తట్టుకోలేకపోయాడు. క్యారియర్లు పక్కన పెట్టి, లుంగీ ఎగ్గట్టి, వెల్లకిలా పడుతూ అరచేతులతో పరుపును ఫెళ్లుమని కొట్టి చూపించాడు. చప్పుడు చేతులది, దెబ్బ ఎవరిదీ కాదు. జగదీశ్వర్ ఆ చప్పుడు విని ఆఫీసు గదిలోంచి పరుగెత్తుకొచ్చాడు. మళ్లీ వదల్లేదు.

"దెబ్బలు తాకుతయా?" అని అడిగింది సమ్మక్క.

"తాకయి. అంత ఉత్తదే."

"ఉత్తదైతే పో. రాంగ ఉల్లిగడ్డలు తీస్కరా."

అట్లా లక్ష్మయ్య భస్మాసురుడయ్యాడు. నల్ల ముసుగు, ఎర్ర లాగు, మెడలో రబ్బరు పాము. అతని ప్రత్యేకత చివర్లో ఉండేది. హీరో చేతి దెబ్బ తిని, గిరగిరా తిరిగి, కుడిచెయ్యి గాల్లోకి లేపేవాడు. పురాణం తెలిసిన జనం కదా, ఆ చెయ్యి ఎక్కడికి వస్తుందో అందరికీ ఎరుకే. "పెట్టు! పెట్టు!" అని అరిచేవారు. భస్మాసురుడు తన చెయ్యి తన నెత్తినే పెట్టుకుని, కొయ్యబారి, వెల్లకిలా ఫెళ్లున కూలేవాడు. చంటిపిల్లల నుంచి పెన్షన్ తాతల దాకా చప్పట్లే చప్పట్లు.

ముసుగు వెనక ఉన్నది ఎవరో జనానికి తెలియదు. ఆదివారం సాయంత్రం అతన్ని నోటికొచ్చినట్టు తిట్టిన హాస్టల్ పిల్లలే సోమవారం పొద్దున పళ్లెం పట్టుకుని అతని ముందు నిలబడేవారు. "నిన్న భస్మాసురుని బొక్కలిరిగినయి కాకా, నువ్వు చూడాల్సుండె!" అనేవారు. లక్ష్మయ్య పప్పు గరిటె వంచుతూ, "అట్లనా బిడ్డా, మస్తుగ తన్నిండ్రా?" అని అడిగేవాడు. లోపల మాత్రం సంబరంతో ఉబ్బిపోయేవాడు.

హీరో పేరు కుమారస్వామి. సిద్దిపేట దిక్కు పిల్లవాడు, ఎస్సై పరీక్షకు చదువుతూ నారాయణగూడలో ఒక జిమ్‌లో పనిచేస్తాడు, దుర్గయ్య మెస్‌లోనే తింటాడు. బరిలో అతను గోల్కొండ సింహం. పెళ్లిపందిరి బంగారురంగు గుడ్డతో కుట్టిన అంగవస్త్రం కప్పుకుని వస్తుంటే ఆడపిల్లలు ఫోన్లు పైకెత్తేవారు. పడటం, లేవడం, పట్టు పట్టినట్టు కనబడటం, అన్నీ అతనికి నేర్పింది లక్ష్మయ్యే. నేర్పినవాటిలో రెండు నియమాలు ముఖ్యం. ఒకటి, నిజంగా నొప్పి పుడితే అవతలివాడి చేతిమీద రెండుసార్లు గిచ్చాలి, గిచ్చితే వెంటనే వదలాలి. రెండు, లక్ష్మయ్య కుడి మోకాలి జోలికి ఎవరూ పోకూడదు.

ఆటలో సగం సేపు చంకలో మెడ ఇరికించుకునే పట్టే. జనం ఊపిరి బిగబట్టి చూసేది అప్పుడే, వీళ్లు తీరిగ్గా ముచ్చట పెట్టుకునేదీ అప్పుడే. "సిలిండర్ వచ్చిందా కాకా?" "రాలే. రేపు టమాట పప్పు చెయ్యాల్నా, పాలకూర చెయ్యాల్నా?" "టమాట. చెయ్యి జర కిందికి, చెవి మడత పడ్డది." పైకి మాత్రం ఇద్దరూ ఒకరి ప్రాణం ఒకరు తీస్తున్నట్టు గుర్రుమనేవారు.

ఆ ఏడు రెండో మూఢంలో, మహాకుస్తీకి అది ఆఖరి ఆదివారం. హాలు కిక్కిరిసింది. అశోక్‌నగర్ హాస్టళ్లు ఖాళీ చేసుకుని పిల్లలంతా వచ్చారు. జగదీశ్వర్ మైకు పట్టుకుని గొంతు పోయేలా అరుస్తున్నాడు. రాసిపెట్టినట్టే ఆట నడుస్తోంది. సింహం గర్జించాడు, భస్మాసురుడు రబ్బరు పామును విసిరాడు, ఇద్దరూ కలబడ్డారు. లక్ష్మయ్య చంకలో కుమారస్వామి మెడ చిక్కింది. రెండు చేతులూ కట్టేసుకున్నట్టు గట్టిగా బిగించి, పళ్లు కొరికి, జనం వైపు తిరిగాడు లక్ష్మయ్య.

"మామా" అన్నాడు చంక కింది నుంచి కుమారస్వామి.

ఏడాదిగా వీడు తనను కాకా అనే పిలుస్తాడు. లక్ష్మయ్య అంత పట్టించుకోలేదు. "మెడ పట్టేసిందారా?" అని అడిగాడు ముసుగులోంచి.

"మెడ మంచిగనే ఉన్నది. ఒక మాట అడగాలె. మెస్‌ల అడుగుదమంటే నీ చేతిల ఎప్పుడు ఏదో ఒక గరిటె ఉంటది."

"జల్ది అడుగు. జనం చూస్తున్రు."

"భాగ్యశ్రీని నాకియ్యి మామా. మేమిద్దరం అనుకున్నం."

లక్ష్మయ్యకు చెవుల్లో జగదీశ్వర్ మైకు వినిపించడం మానేసింది. పక్కనే వంగి పట్టు ఎట్లా పడిందో చూస్తున్న దక్షిణామూర్తి పంతులుగారికి మాత్రం ప్రతి అక్షరం వినిపించింది. ఏళ్ల అలవాటు, ఊరుకోనిస్తుందా?

"ఇంటిపేర్లు వేరే కదా?" అన్నాడాయన.

"వేరే పంతులుగారు" అన్నాడు చంక కింది నుంచి కుమారస్వామి వినయంగా.

"మంచిది. అబ్బాయి నక్షత్రం?"

"పంతులుగారూ, మీరు జర ఊకోండ్రి!" అని కసిరాడు లక్ష్మయ్య. తర్వాత చంకలోకి వంగి, "ఏమిరా, మూఢంల పెండ్లి మాట ఎత్తుతవా? పగోడన్న ఎత్తుతడారా?" అన్నాడు.

"మూఢం లేకుంటే మనకు కుస్తీ ఉండది గద మామా!"

మాట న్యాయమైనదే. కానీ కోపానికి న్యాయం ఎందుకు? లక్ష్మయ్య కోపం మూఢం గురించి కూడా కాదు. చిన్నప్పుడు గుండిగ పక్కన పీటేసుకుని ఎక్కాలు అప్పజెప్పిన బిడ్డ, ఎప్పుడు పెద్దదైందో, ఎప్పుడు ఎవరితో ఏమనుకుందో తనకు తెలియనేలేదు. ఇంట్లో ఉండి తెలియలేదు. అదొక మంట. దానికంటే పెద్ద మంట ఇంకొకటి. వీడు ఏం గెలిచాడని? వీడి గెలుపులన్నీ తను పడితే వచ్చినవే. పడటం మానేసి నిలబడితే వీడు ఎంత సేపు నిలుస్తాడు? రేపు బతుకులో ఎవడూ ముందే రాసిపెట్టి వీడి ముందు పడడు కదా. అట్లాంటివాడి చేతికి బిడ్డనా?

కుమారస్వామి లక్ష్మయ్య మణికట్టు మీద గిచ్చాడు. మళ్లీ గిచ్చాడు. లక్ష్మయ్య వదల్లేదు.

వదలకపోగా తాలీంలో ఉస్తాద్ నేర్పిన ధోబీ పఛాడ్ వేశాడు. చాకిరేవులో బట్టను బండకేసి బాదినట్టు మనిషిని వీపు మీదుగా తిప్పి కిందకు కొట్టే పట్టు అది. పాతికేళ్లు ఎక్కడ దాక్కుందో ఏమో, పిలవగానే వచ్చింది. గోల్కొండ సింహం గాల్లో తిరిగి పరుపు మీద పడ్డాడు. ఫెళ్లుమనే చప్పుడు లేదు. ధబ్బుమని మొద్దు చప్పుడు. నిజం దెబ్బకు అట్లాంటి చప్పుడే వస్తుంది. ముందు వరసలో పాప్‌కార్న్ తింటున్న పెద్దాయన నమలడం ఆపేశాడు.

"చూడండి ప్రేక్షకుల్లారా, చూడండి! భస్మాసురుడు... ఏందిది..." అని మైకులో తడబడ్డాడు జగదీశ్వర్. తర్వాత మైకు చేత్తో మూసి, "అన్నా, ఏమైందే నీకు? పడవోయ్! నువ్వు పడాలె!" అని అరిచాడు. చెయ్యి సరిగా మూసుకోలేదు. హాలంతా విన్నది.

కుమారస్వామి లేచాడు. "మామా, జర మెల్లగ..." అన్నాడు.

"మామ ఎవడ్రా నీకు?" అని లక్ష్మయ్య మళ్లీ పడేశాడు.

మళ్లీ లేచాడు. చెవి ఎర్రగా కందిపోయింది. ఈసారి వాడికీ కోపం వచ్చింది. ఎంత కాబోయే మామ అయితే మాత్రం ఎన్నిసార్లని పడతాడు? మీదికి ఉరికి లక్ష్మయ్య నడుము పట్టి అమాంతం లేపాడు. కుర్రవాడు, కండ ఉన్నవాడు, నిజంగానే లేపాడు. లక్ష్మయ్య కాళ్లు గాల్లో కొట్టుకున్నాయి. దొరికిన బంగారురంగు గుడ్డ పట్టుకుని లాగాడు. వాడు దొరికిన నల్లముసుగు పట్టుకుని లాగాడు. ఇద్దరూ ఆ గుడ్డల్లోనే చుట్టుకుని పెళ్లికొడుకు సింహాసనం దాకా దొర్లి వెళ్లారు. థర్మకోల్ ఏనుగు తొండం ఊడి పంతులుగారి మీద పడింది. లేచి నిలబడేసరికి ముసుగు కుమారస్వామి చేతిలో ఉంది. లక్ష్మయ్య మొహం అందరి కళ్లలో ఉంది.



"అరే, మెస్ కాక రా!" అన్నాడెవడో హాస్టల్ పిల్లవాడు.

ఇక చూడాలి తమాషా. అంతసేపూ భస్మాసురుడి ఏడుతరాలనూ తిట్టిన నోళ్లే అటు తిరిగాయి. సింహానికి పోస్టర్లు పట్టుకున్నవాళ్లు వాటిని మడిచి కింద పెట్టుకుని కూర్చున్నారు. రేపు పొద్దున కూర గరిటె ఎవరి చేతిలో ఉంటుందో తెలియని పిచ్చివాడు అశోక్‌నగర్‌లో ఒక్కడూ లేడు. "కాకా! కాకా! వాణ్ని ఇడ్వకు కాకా!" అని గోల పుట్టించారు.

ఆ గోలలో లక్ష్మయ్య చేతులకు ఇంకా బలం వచ్చింది. కుమారస్వామిని మోకాళ్ల మీదికి తెచ్చాడు. తెచ్చాక తెలిసింది తను చేసిన తప్పు. కుడికాలు ముందుకు వచ్చేసింది. నొప్పి మోకాలు సరిగ్గా వాడి రెండు చేతుల మధ్య ఉంది. తాలీంలో అయితే అది పళ్లెంలో పెట్టి ఇచ్చినట్టే. ఆ కాలు పట్టి ఒక్క మెలి తిప్పితే ఆట అయిపోతుంది. దొరికిన కాలు పట్టనివాణ్ని ఉస్తాద్ చెంప మీద కొట్టేవాడు. కుమారస్వామి చేతులు మోకాలి దాకా వచ్చాయి. అక్కడ ఆగాయి. అక్కణ్నుంచి పైకి పోయి నడుము పట్టుకున్నాయి. నడుము పట్టినందుకు వాడు మళ్లీ పల్టీ కొట్టి పడ్డాడు.

చూసుకోలేదేమో అనుకున్నాడు లక్ష్మయ్య. అనుమానం తీరాలి కదా. వాడు లేవగానే ఈసారి కావాలనే కుడికాలు ముందుకు చాపి నిలబడ్డాడు, ఎలుకకు ఎర వేసినట్టు. కుమారస్వామి పెదవి చిట్లి ఉంది, ఊపిరి అందడం లేదు. ఆ కాలు వంక చూశాడు. చూసి, దాన్ని చుట్టి పక్కనుంచి వచ్చి, భుజం పట్టబోయి, మళ్లీ వెల్లకిలా పడ్డాడు. లక్ష్మయ్య వాడి ఛాతీ మీద కూర్చుని రెండు భుజాలూ పరుపుకు ఆనించి పట్టాడు.

"కాలు దొరికింది గదరా. ఎందుకు పట్టలే?" అన్నాడు రొప్పుతూ.

"అది నొస్తది గద మామా" అన్నాడు కుమారస్వామి, అదేదో అందరికీ తెలిసిన సంగతే అన్నట్టు. "రేపు మెస్‌ల నిలబడద్దా నువ్వు?"

లక్ష్మయ్య తన కుడి మోకాలి వంక ఒకసారి చూసుకున్నాడు.

పంతులుగారు తన మీద పడ్డ తొండాన్ని పక్కకు తోసి, పాకుతూ వచ్చి పరుపు మీద చెయ్యి చరిచాడు. "ఏకమ్!" హాలంతా "ఏకమ్!" అన్నది. లక్ష్మయ్య తల ఎత్తి చూశాడు. ఆడవాళ్ల వరసలో ఒక కుర్చీ మీద భాగ్యశ్రీ నిలబడి ఉంది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. ఏ ఒక్క మ్యాచ్‌కూ రాని పిల్ల. కళ్లు ఒకసారి తండ్రి మీద, ఒకసారి కిందపడ్డవాడి మీద. ఎవరికోసం ఏడుస్తోందో ఆమెకే తెలిసినట్టు లేదు. పక్కన సమ్మక్క. "ఉత్తదే కదా, నేనెందుకు" అని ఏనాడూ గడప దాటని సమ్మక్క! ఆమె ఏడవడం లేదు. లక్ష్మయ్య తన వంక చూడగానే రెండు చేతులూ ముందుకు చాపి, ఒక పెద్ద గిన్నెను పట్టుకుని మెల్లగా వంచుతున్నట్టు చూపించింది.

గంజి!

అప్పుడు వెలిగింది లక్ష్మయ్యకు. చేతులు ఖాళీ లేనప్పుడు అడగమని వీడికి చెప్పిందెవరో, ఆ బుద్ధి బిడ్డకు పుట్టించిందెవరో, ఇల్లంతా కలిసి తనను ఏ గుండిగకు కట్టేశారో అంతా ఒక్కసారే అర్థమైంది. దుర్గయ్య కూతురా, మజాకా?

"ద్వే!" అన్నాడు పంతులుగారు. అని, చెయ్యి గాల్లోనే ఆపాడు. ఆయనకూ తెలుసు, మూడోది పడితే లక్ష్మయ్య గెలిచినట్టు. బతుకులో మొదటిసారి గెలిచినట్టు.

గెలవాలని లక్ష్మయ్యకు లేకపోలేదు. చాలా ఉంది. కూర గరిటె భయంతోనో, నిజం ప్రేమతోనో, హాలు మొత్తం కాకా కాకా అని అరుస్తోంది. పుస్తకాలతో గెలవలేదు, ఇసుకలో గెలవలేదు, ఇక్కడ గెలవడానికి ఒక్క మాట చాలు. కానీ అన్ని దెబ్బలు తింటూ కూడా వాడు తన మోకాలు ముట్టుకోలేదు. ఎవరూ రాసి ఇవ్వని ఆటలో, ఓడిపోతూ ఉండగా, ఆ మోకాలి సంగతి చూసేవాళ్లెవరికీ తెలియని చోట ముట్టుకోలేదు. లక్ష్మయ్యకు ఇంకేం పరీక్ష పెట్టాలో తోచలేదు.

కుమారస్వామి మీది నుంచి లేచాడు. నడుం పట్టుకుని నిలబడి, కుడిచెయ్యి గాల్లోకి లేపాడు.

హాలుకు అర్థమైంది. "వద్దు కాకా! పెట్టకు! పెట్టకు కాకా!" అని గొంతులు చించుకున్నారు. ఏడాదిగా "పెట్టు పెట్టు" అన్నవాళ్లే కుర్చీలెక్కి బతిమాలారు. లక్ష్మయ్య గిర్రున తిరిగాడు. మోకాలు బాధపెడుతుంటే మెల్లగానే తిరిగాడు. చెయ్యి నెత్తిన పెట్టుకున్నాడు. కొయ్యబారి, వెల్లకిలా, తన జీవితంలోకెల్లా అందంగా కూలాడు. ఫెళ్లుమన్న చప్పుడు గేటు బయట వాచ్‌మన్‌కు కూడా వినిపించింది.

అవతల కుమారస్వామి ఏమీ అర్థం కాక పరుపు మీద అట్లాగే పడి ఉన్నాడు. పంతులుగారు చెయ్యి ఎత్తినవాడు ఎత్తినట్టే ఉన్నాడు. చచ్చిపడి ఉన్న భస్మాసురుడు కళ్లు తెరవకుండానే, "వచ్చి మీద పడరా దొంగ సచ్చినోడా. ఎంతసేపు పండాలె?" అన్నాడు.

కుమారస్వామి పాక్కుంటూ వచ్చి అతని ఛాతీ మీద తల పెట్టి పడ్డాడు. నొప్పో ఏడుపో తెలియకుండా వెక్కుతున్నాడు.

"త్రీణి!" అన్నాడు పంతులుగారు. తర్వాత కిందికి వంగి, లక్ష్మయ్యకు మాత్రమే వినబడేట్టు, "ఈ ఆదివారంతో మూఢం అయిపోతుంది లక్ష్మయ్యా, ఆ తర్వాత మంచి లగ్నాలున్నాయి" అని చెప్పాడు.

జగదీశ్వర్ మొదట తిట్టాడు, జనం కుర్చీలు దిగకుండా చప్పట్లు కొట్టడం చూసి తర్వాత కౌగిలించుకున్నాడు. వచ్చే మూఢంలో ఇట్లాగే ప్రతివారం చెయ్యమన్నాడు. తనకు ఒక్కతే బిడ్డ అని చెప్పాడు లక్ష్మయ్య.

ఆ రాత్రి దుర్గయ్య మెస్‌లో అన్నం వేళకే ఉడికింది. భస్మాసురుడికైనా వంద మంది ఆకలి ఆగదు కదా. లక్ష్మయ్య మోకాలికి ఉప్పు కాపడం కట్టుకుని, గుండిగకు మసిగుడ్డ చుట్టి, మూత అడ్డంపెట్టి వంచడం మొదలుపెట్టాడు. ఆవిరి పైకి లేచింది. గుమ్మంలో కుమారస్వామి నిలబడ్డాడు. ఒక చెవి వాచి ఉంది, పెదవి మీద పసుపు పెట్టుకుని ఉన్నాడు. లోపలికి రావాలో వద్దో తెలియక చెప్పులు విడవడం, మళ్లీ వేసుకోవడం చేస్తున్నాడు. సమ్మక్క ఉల్లిగడ్డలు తరుగుతూ తల ఎత్తలేదు. భాగ్యశ్రీ పళ్లాలు తుడుస్తూ, తుడిచిన పళ్లెమే మళ్లీ తుడుస్తోంది.

గంజి సగం కారింది. లక్ష్మయ్య మొహం పక్కకు తిప్పుకునే ఉన్నాడు.

"ఏంది చూస్తున్నవ్? ఈ పక్క పట్టు" అన్నాడు.

కుమారస్వామి ఒక్క ఉరుకున వచ్చి రెండో పక్క పట్టుకున్నాడు. వేడికి చెయ్యి చురుక్కుమన్నా వదల్లేదు. భాగ్యశ్రీ చేతిలో పళ్లెం జారి కింద పడి గింగిరాలు తిరిగింది.

"అంటే... డాడీ..." అంది. "అంటే ఒప్పుకున్నట్టేనా?"

"మూఢంల పెండ్లి మాట ఎత్తద్దు బిడ్డా" అన్నాడు లక్ష్మయ్య, కళ్లలోకి పోయిన ఆవిరిని భుజంతో తుడుచుకుంటూ. "గంజి వంచుడుకు ఏం అడ్డం లేదు."